సర్వర్ రూమ్‌లో సుఖంగా కూర్చోవడం ఎలా?

కానూరు నుంచి వడ్డేశ్వరం దాకా ఏ ఇంజినీరింగ్ కాలేజీలో సిస్టమ్ అడ్మిన్‌గా చేరినా లెక్క ఒకటే. ఏసీ గదిలో రెండు మూడు పెద్ద హోస్టులు, వాటి కడుపులో హాజరు, ఫీజులు, లైబ్రరీ, ఆన్‌లైన్ పరీక్షల వర్చువల్ మెషీన్లు. వీటన్నిటినీ కనిపెట్టుకుని ఉండమంటారు. గోడ మీది టీవీలో గ్రాఫ్ పచ్చగా ఉంటే కనిపెట్టుకున్నట్టే. ఆ పచ్చదనం ఇలా తెచ్చుకోండి.

1. ట్రాఫిక్ లెక్క తెచ్చే ఎస్‌ఎన్‌ఎంపీలో పాత 32 బిట్ల కౌంటరే వాడండి. గిగాబిట్ లైన్ నిండుగా పారితే అది 34 సెకన్లకే నిండి మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. మీరు ఐదు నిమిషాలకోసారి చదవండి. మధ్యలో ఎనిమిది చుట్లు తిరిగినా గ్రాఫ్‌కు తెలీదు. ఎంత పారినా 115 మెగాబిట్లు దాటి చూపించదు. 64 బిట్ల కౌంటర్ ఉందని ఎవరైనా గుర్తుచేస్తే, వచ్చే సెమిస్టర్‌లో చూద్దామనండి.

2. ఎప్పుడూ సగటే చూపించండి. 2024 సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులు దాటి వరద వచ్చింది. ఏడాది సగటు తీస్తే ఆ రోజు ఎక్కడుందో వెతుక్కోవాలి. మీ లైన్ కూడా అర నిమిషం కిక్కిరిసిపోతే, ఐదు నిమిషాల సగటులో పది శాతమే.

3. మీటర్ బయటి స్విచ్‌కే పెట్టండి. ఇది నాకు అన్నం పెట్టిన చిట్కా. ఒకే హోస్టులో, ఒకే వర్చువల్ స్విచ్ మీద, ఒకే వీల్యాన్‌లో ఉన్న రెండు మెషీన్లు మాట్లాడుకుంటే ఆ ట్రాఫిక్ గడప దాటి బయటికి రాదు. నేను పనిచేసిన ఒక కాలేజీలో ఆన్‌లైన్ మిడ్ పరీక్ష నాడు పిల్లలు పరిగెత్తుకొచ్చారు. "సార్, సబ్మిట్ నొక్కితే చక్రం తిరుగుతానే ఉంది!" పరీక్ష మెషీనూ డేటాబేస్ మెషీనూ లోపల్లోపల కొట్టుకుంటున్నాయి. నేను వాళ్లను స్విచ్ దగ్గరికి తీసుకెళ్లి, తీరిగ్గా మిణుకుమంటున్న పచ్చ లైటు చూపించాను. "లైను ఖాళీయే కదమ్మా, మీ బ్రౌజరే సరిగా లేదు" అన్నాను. మారుమాట లేకుండా వెళ్లిపోయారు.

4. అడిగినవాళ్లకల్లా కొత్త మెషీన్ ఇచ్చేయండి. హోస్టు మోయలేకపోతే మెషీన్లు ప్రాసెసర్ కోసం వరసలో నిలబడతాయి. ఆ ఎదురుచూపు లినక్స్‌లో 'టాప్' కొడితే సీపీయూ వరసలో చివరన 'ఎస్‌టీ' దగ్గర బయటపడుతుంది. స్క్రీన్‌షాట్ పంపేటప్పుడు ఆ చివర కత్తిరించండి.

5. ఫైబర్ తెగిందనే మాట దగ్గర ఉంచుకోండి. బందరు రోడ్డు పక్కన జేసీబీ తవ్విందంటే ఎవరూ వెళ్లి చూసిరారు.

6. అలర్టులు పంపే జాబిక్స్ సర్వర్‌నూ అదే హోస్టులో పెట్టండి. హోస్టు పడితే అదీ పడుతుంది. అర్ధరాత్రి ఫోన్ మోగదు, నిద్ర చెడదు. పొద్దున్నే ప్రిన్సిపాల్ గారు పిలిస్తే, "రాత్రి ఒక్క అలర్ట్ కూడా రాలేదండీ" అని చెప్పి, క్యాంటీన్‌కు వెళ్లి ఉప్మా పెసరట్టు చెప్పండి.