కంచెకు తలంటు

అమెరికాలో కట్టె కంచెకు తలంటు పోస్తారు. కుంకుడు రసంతో కాదు, పెట్రోలు ఇంజను బిగించిన ప్రెజర్ వాషర్‌తో. డాలస్ చుట్టుపక్కల ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్ లాంటి ఊళ్లలో మనవాళ్లు కొనుక్కున్న ఇళ్ల పెరళ్లకు సీడర్ పలకల కంచెలుంటాయి. ఆరడుగుల ఎత్తు మామూలు, హోదా పెరిగితే ఎనిమిది. రెండు మూడు ఎండాకాలాలు గడిచేసరికి వాటి ఎర్రదనం పోయి బూడిదరంగు తేలుతుంది. ఇక ఇంటి యజమానుల సంఘం నుంచి ఉత్తరం ఎప్పుడొస్తుందోనని భయం. కంచెకు రంగు వేయించాలి. రంగు పట్టాలంటే ముందు కడిగించాలి. కడగడానికి మనలాంటి మామూలు మనుషులు పనికిరారు, ప్రొఫెషనల్ రావాలి.

ఆ వచ్చే మహానుభావుడు మూడు సూత్రాలు వల్లిస్తాడు. ఒకటి, బూడిదరంగుకు తిరిగిన కట్టె చచ్చిన కట్టె. రెండు, ఒత్తిడితో నీళ్లు కొడితే తప్ప కట్టె రంధ్రాలు తెరుచుకోవు, రంగు లోపలికి దిగదు. మూడు, ఈ పని సొంతంగా చేసుకుంటే కంచె పాడవుతుంది. మూడోదాంట్లో కొంత నిజముంది. డబ్బిచ్చి చేయించుకున్నా చాలాసార్లు పాడవుతుందన్న మిగతా సగం మాత్రం ఆయన నోట రాదు.

ఈ విషయం మీద తీర్పు చెప్పే అర్హత మా ఆదోని, ఎమ్మిగనూరు వాళ్లకేముందని మీరు అడగొచ్చు. నిజమే, మా పడమటి కర్నూలులో కంచె అంటే సర్కారు తుమ్మ కంప, కాదంటే వరసగా పాతిన బండలు. కంపకు రంగు వెలిసిందని మాకెవరూ ఉత్తరాలు రాయరు. కానీ పీచు సంగతి ఆదోనికి తెలుసు, రంగు సంగతి ఎమ్మిగనూరుకు తెలుసు, నీళ్ల విలువ రెండు ఊళ్లకూ తెలుసు. ఈ వ్యవహారానికి ఇంతకన్నా మంచి పంచాయితీ దొరకదు.

మొదటి సూత్రం చూద్దాం. ఎండలోని అతినీలలోహిత కిరణాలు కట్టెలో పీచును పట్టి ఉంచే లిగ్నిన్ అనే జిగురును పైపైన విరగ్గొడతాయి. వాన దాన్ని కడిగేస్తుంది. మిగిలిన వెలిసిన పీచు మీద బూజు చేరుతుంది. బూడిదరంగు అంటే ఇంతే, దాని మందం మిల్లీమీటరులో ఏ కొద్ది వంతో. అమెరికా ప్రభుత్వమే విస్కాన్సిన్ రాష్ట్రంలోని మ్యాడిసన్‌లో 1910 నుంచి కట్టె మీద పరిశోధనకు ఫారెస్ట్ ప్రొడక్ట్స్ లేబొరేటరీ అనే సంస్థను నడుపుతోంది. వాళ్ల లెక్కలో, ఆరుబయట రంగు లేకుండా వదిలేసిన మెత్తజాతి కట్టె అరిగేది నూరేళ్లకు సుమారు 6 మిల్లీమీటర్లు. నూరేళ్లకు! కంచె పాతినవాడు పోయి, వాడి మనవడు ఇల్లు అమ్ముకుని వెళ్లిపోయాక కూడా పలకలో సత్తువ మిగిలే ఉంటుందన్నమాట. కంచె చస్తే భూమిలో పాతిన గుంజ కుళ్లి చస్తుంది కానీ, పలక రంగు మారి చావదు.

మా దగ్గర కోసిగి, మంత్రాలయం వైపు పల్లెల్లో సుగ్గికి, అంటే కూలి పనుల వలసకు, గుంటూరు మిరప చేలకు వెళ్లిన కుటుంబాల తలుపులు తాళాలేసుకుని నెలల తరబడి ఎండలో నిలబడి ఉంటాయి. వేపకట్టె పలకలు బూడిదరంగుకు తిరుగుతాయి. తిరిగొచ్చినవాళ్లు తాళం తీస్తారు, తలుపు తెరుచుకుంటుంది. చచ్చిన కట్టె అని ఎవరూ ఏడవగా వినలేదు.

ఇక రెండో సూత్రం, ఒత్తిడి. కారు టైరులో గాలి 32, 33 పీఎస్‌ఐ ఉంటుంది. కాంట్రాక్టరు బండి మీద తెచ్చే యంత్రం 3000, ఒక్కోసారి 4000. అంటే టైరులో గాలికి తొంభై రెట్లు మొదలు. సీడర్ లాంటి మెత్తని కట్టెకు 1500 దాటితే ముప్పని ఆ వృత్తిలో ఉన్న బుద్ధిమంతులే చెబుతారు. నాజిల్‌లకు రంగులు కూడా ఉన్నాయి. ఎర్రది సున్నా డిగ్రీలు, సూదిలా పొడుస్తుంది. తెల్లది 40 డిగ్రీలు, చేటలా పరుచుకుంటుంది. తెల్లది పెట్టి, అడుగు దూరంలో నిలబడి, ఒత్తిడి తగ్గించి, సబ్బునీళ్ల మందే పని చేసేలా మెల్లగా కడగాలన్నది వాళ్ల శాస్త్రం. అంత మెల్లగా కడగాలంటే మామూలు తోట గొట్టం, ఒక బ్రష్షు చాలు కదా, ఈ ఫిరంగి ఎందుకు? ఎందుకంటే ఇంటాయన కిటికీలోంచి చూస్తున్నాడు. బూడిదరంగు పలక మీద గన్ను కదిలినచోటల్లా పసుపుపచ్చని గీత పడుతుంది. ఆ గీత చూడగానే ఇచ్చిన డాలర్లు గిట్టుబాటయ్యాయనిపిస్తుంది. బ్రష్షుతో తోమితే ఆ వినోదం ఏదీ?

ఆ గీతల కింద జరిగేది వేరే కథ. కట్టెలో ఏటేటా పడే వలయాల్లో వసంతంలో పెరిగిన భాగం మెత్తగా, వేసవి చివర్లో పెరిగింది గట్టిగా ఉంటుంది. ఒత్తిడి నీళ్లు మెత్తదాన్ని తవ్వేసి గట్టిదాన్ని వదిలేస్తాయి. పలక మీద గట్లూ కాలువలూ తేలతాయి. పీచు లేచి నిలబడుతుంది. ఆదోని మార్కెట్ యార్డులో పత్తిని వేళ్ల మధ్య లాగి పింజ పొడవు చెప్పే వ్యాపారిని ఈ కంచె దగ్గరికి తీసుకెళితే చెయ్యి వేసి రేటు కూడా చెప్పగలడు. సీడర్ పలక మీద పత్తి పండించిన ఘనత ప్రపంచంలో ఈ ఒక్క వృత్తికే దక్కుతుంది. ఎండావానలు పదేళ్లు కష్టపడి చేయాల్సిన అరుగుదలను చేతకానివాడి గన్ను ఒక పూటలో చేసి చూపిస్తుంది.

లేచిన పీచు మీద రంగు వేస్తే మచ్చలు పడతాయి. కాబట్టి ఇప్పుడు పలకను గరుకు కాగితంతో రుద్దాలి. అదే గరుకు కాగితం మా వడ్రంగి ఆచారి మొదటి రోజే జేబులోంచి తీసేవాడు! ముందు ఫిరంగి, తర్వాత కాగితం, తర్వాత రంగు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది, ఊడిన నాలుకకు మళ్లీ వేరే బిల్లు.

అసలు తమాషా ఇంకా ఉంది. కట్టెకు రంగు పట్టాలంటే అది పొడిగా ఉండాలి, తేమ పదిహేను శాతానికి లోపు. నీళ్లు ఒత్తిడితో కొట్టి లోపలికి ఎక్కించేది వీళ్లే, అది ఆరేదాకా ఆగాల్సింది కూడా వీళ్లే. రెండు రోజులో మూడు రోజులో ఆగాలి, మబ్బు పడితే ఇంకా ఎక్కువ. కానీ రేపు ఇంకో కంచె ఉంది, ఎల్లుండి ఇంకోటి. అందుకని మర్నాడే డబ్బా మూత తీస్తారు. ఎండకాసే టెక్సాస్‌లో ఉండి కట్టెను తడిపి, ఆ తడి మీదే రంగు పూసి, రెండేళ్లకు అది వెలిసిపోతే మళ్లీ బూడిదరంగు సిద్ధాంతం వినిపించడం, వ్యాపారం అంటే ఇదీ.

ఇక రంగు సంగతికి ఎమ్మిగనూరును పిలుద్దాం. మాచాని సోమప్ప 1938లో చేనేత సహకార సంఘం పెట్టిన ఊరది. రంగు వేసే ముందు కడగాలన్న సంగతి ఆ ఊరికి ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు. పచ్చి నూలులో మైనం లాంటి జిడ్డు ఉంటుంది, అది పోకుండా రంగు ముంచితే పైపైనే అంటి ఊరుకుంటుంది. అందుకే అద్దకంవాళ్లు నూలు చిలపలను సోడా వేసిన నీళ్లలో ఉడకబెట్టి, జాడించి, ఆ తర్వాతే రంగు తొట్టిలో ముంచుతారు. అంటే జిడ్డు వదిలించేది మందూ, వేడీ, ఓపికా. నూలును గోడకు కట్టి తుపాకీతో కాల్చిన అద్దకందారు మా జిల్లాలో ఒక్కడూ లేడు.

కట్టెకూ అదే వరస. కంచె కడిగే పొడి అని డబ్బాలో అమ్మే సోడియం పర్‌కార్బనేట్‌లో సగం పైగా ఉన్నది మన బట్టల సోడానే, దానికి హైడ్రోజన్ పెరాక్సైడ్ తోడు. అది పూసి కాసేపు నాననిస్తే బూజూ మురికీ వదులుతాయి. తర్వాత ఆక్సాలిక్ ఆమ్లం కలిపిన నీళ్లు పూస్తే నల్లమచ్చలు పోయి కట్టె తేటపడుతుంది. చింతపండుతో ఇత్తడి బిందె తోమిన ఇల్లాలికి పులుపు మచ్చను ఎలా తీస్తుందో పాఠం చెప్పక్కర్లేదు. పని చేసేది ఈ రెండు మందులు. పేరు మాత్రం ఇంజనుది.

ఇక నీళ్ల లెక్క. కాంట్రాక్టరు యంత్రం నిమిషానికి 4 గ్యాలన్లు, అంటే సుమారు 15 లీటర్లు పోస్తుంది. మా భాషలో చెప్పాలంటే నిమిషానికో బిందె. మూడు గంటలు కడిగితే 180 బిందెలు, 2700 లీటర్లు. 2019లో మొదలైన జల్ జీవన్ మిషన్ పల్లెలో మనిషికి రోజుకు 55 లీటర్లు ఇవ్వాలని లక్ష్యం పెట్టుకుంది. ఆ లెక్కన ఒక కంచె ఒక పూటలో 49 మంది ఒక రోజు నీళ్లు తాగి, స్నానం చేసి, బట్టలు ఉతుక్కుని కూర్చుంటుంది. తుంగభద్ర దిగువ కాలువలో నీళ్లొస్తే బసలదొడ్డి ట్యాంకు నిండుతుందా, గాజులదిన్నెలో మట్టం ఎంతుంది అని పేపర్లో వెతుక్కునేవాళ్లం మేము. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యాంకు 19వ గేటు కొట్టుకుపోయినప్పుడు నీటి ఒత్తిడి అంటే ఏమిటో కళ్లారా చూసినవాళ్లం. ఒత్తిడిని ఎలా ఆపాలో ఆలోచించాం కానీ, కంచె మీద ప్రయోగించాలన్న ఊహ మాకు రాలేదు. ఒక ఎమ్మిగనూరు అవ్వను తీసుకెళ్లి ఆ పెరట్లో నిలబెడితే అడిగే మొదటి ప్రశ్న, "యాలప్పా, కట్టె ఏం తప్పు చేసిందని కొడతాండావు?" రెండో ప్రశ్న, "ఆ నీళ్లు బిందెకు పట్టకూడదా?"

నవ్వుకుని ఊరుకుందామంటే, ఈ జబ్బు ఇప్పుడు సముద్రం దాటుతోంది. చేతిలో పట్టే చిన్న ప్రెజర్ వాషర్లు ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి. సెలవులకొచ్చిన అబ్బాయి దసరాకు ముందు నాన్నగారి టేకు తలుపు వైపు అదోలా చూస్తాడు. "నాన్నా, పాలిష్ వేయించే ముందు దీన్ని ప్రెజర్ వాష్ చేయిద్దాం, అక్కడ అందరూ అలాగే చేస్తారు." తలుపు మీద గజలక్ష్మి చెక్కడం ఉంటుంది, అటూ ఇటూ ఏనుగులుంటాయి. బండ్ల వాటర్ సర్వీసింగ్ కుర్రాడి గన్ను తగిలితే ఏనుగులకు తొండాలు మిగలవు. నాన్నగారు మొహమాటపడతారు, అబ్బాయి డాలర్లలో ఆలోచిస్తున్నాడు కదా మరి.

ఆ పక్కనే గడప ఉంది. అదీ కట్టెదే. తరతరాలుగా శుక్రవారం పొద్దున చెంబెడు నీళ్లతో తుడిచి, పసుపు రాసి, కుంకుమ బొట్లు పెడుతున్నారు. ఇంటికొచ్చిన ప్రతి పాదం దాన్ని దాటుతుంది, అయినా గట్టిగానే ఉంది. కట్టెను ఎలా కడగాలో ఇంట్లోనే పాఠం ఉండగా యూట్యూబ్‌లో వెతకడం మన ప్రత్యేకత.

ఒత్తిడి నీళ్లు దేనికీ పనికిరావని కాదు. సిమెంటు వాకిలికి పనికొస్తాయి, నూనె మరకల గ్యారేజీ నేలకు పనికొస్తాయి. కట్టెకు కావలసింది మురికి వదిలే మందు, చేతి ఓపిక, ఆరడానికి టైము. ఫిరంగి వీటిలో దేన్నీ ఇవ్వదు, పైగా మూడోదాన్ని దొంగిలిస్తుంది.

కాబట్టి, టెక్సాస్‌లోనైనా ఆదోనిలోనైనా, గన్ను పట్టుకుని వచ్చినవాణ్ని గుమ్మంలోనే రెండు ప్రశ్నలు అడగండి. కడిగాక ఎన్నాళ్లు ఆరబెడతావు? లేచిన పీచును ఎవరు రుద్దుతారు? వీటికి సరైన జవాబు తెలిసినవాడు గన్నును బండిలోనే వదిలేసి బ్రష్షుతో వస్తాడు. తెలియనివాణ్ని నిరాశపరచకండి, మా ఊరికి పంపండి. వానాకాలం చేలల్లోంచి వచ్చే ట్రాక్టర్ల చక్రాలకు నల్లరేగడి అడుగు మందాన పట్టి ఉంటుంది, 4000 పీఎస్‌ఐ చాలదు. కావలసినంత పని ఉంది. నీళ్లు మాత్రం ఆయనే తెచ్చుకోవాలి.