మేనేజరు గారికి కీర్తిమాల

అయ్యా మేనేజరు గారూ! కంకిపాడులో ఇంటి నుంచి పనిచేసే మీ టీమ్ సభ్యుడి నమస్కారం. మీ ఘనత నాలుగు ముక్కల్లో చెప్పుకోకపోతే పాపం.

2001 ఫిబ్రవరిలో అమెరికాలోని యూటా కొండల్లో, స్నోబర్డ్‌లో, 17 మంది సాఫ్ట్‌వేర్ నిపుణులు కూర్చుని ఎజైల్ ప్రకటన రాశారు. అందులోని నాలుగు విలువలు, 12 సూత్రాలు ఒంటబట్టించుకోవడానికి మామూలు టీములకు ఏళ్లు పడుతుంది. మీకు రెండు రోజుల శిక్షణ చాలింది. సర్టిఫికెట్ గోడెక్కింది.

పద్ధతులు, పరికరాలకన్నా మనుషులూ వాళ్ల మధ్య మాటలూ ముఖ్యమన్నారు ఆ నిపుణులు. మనుషులు అలసిపోతారు, పనుల లెక్క రాసే జిరా సాఫ్ట్‌వేర్ అలసిపోదని కనిపెట్టిన దూరదృష్టి మీది. అందుకే మా బాగోగులు కూడా దాన్నే అడుగుతారు.

రోజూ 15 నిమిషాలు టీమ్‌లోవాళ్లు తమలో తాము మాట్లాడుకుని పని సర్దుకోవాలంటుంది ఎజైల్ పద్ధతుల్లో ఒకటైన స్క్రమ్. మీ జ్ఞానం అంతలో ఇముడుతుందా? రాత్రి తొమ్మిదిన్నర నుంచి పదిన్నర దాకా ఒక్కొక్కరం మీకు లెక్క అప్పజెబుతాం. మొన్న, కొత్తగా చేరిన అమ్మాయి "సార్, టెస్ట్ సర్వర్ ఇంకా ఇవ్వలేదు, పని ఆగిపోయింది" అంది. "ఆఫ్‌లైన్‌లో మాట్లాడుకుందాం" అంటూనే జిరాలో ఆమె పని కార్డును మీ చేత్తో 'డన్' గడిలోకి జరిపారు. సర్వర్ లేకుండానే టెస్టింగ్ పూర్తిచేసిన మహిమ ఇంకెవరికుంది?

ఆలస్యంగా వచ్చిన మార్పునైనా ఆహ్వానించమంది ఆ ప్రకటన. క్లయింటు శుక్రవారం సాయంత్రం అడిగినా మీరు కాదనలేదు. డెలివరీ తేదీని మాత్రం ఒక్కరోజు కదలనివ్వలేదు. ఎప్పటికీ కొనసాగించగల వేగంతోనే పనిచేయాలన్న సూత్రాన్ని మా శని ఆదివారాలతో నిలబెట్టారు.

జరిగిన పనిని సమీక్షించుకునే రెట్రోస్పెక్టివ్‌లో "భయపడకుండా చెప్పండి" అంటారు. చెప్పినవాళ్ల పేర్లు అప్రైజల్ దాకా మరచిపోరు. ఆ జ్ఞాపకశక్తికి జోహార్లు! ఇప్పుడు మా అందరి నోటా ఒకటే మాట: "అంతా బాగుంది సార్."

మా డెల్టా రైతు ప్రకాశం బ్యారేజీ నుంచి ఎన్ని క్యూసెక్కులు వదిలారన్న లెక్కతో తృప్తిపడడు, శివారు చేలకు నీరందిందా అని అడుగుతాడు. మీకు ఆ చాదస్తం లేదు. ఎంత పని ముగించామో చూపే వెలాసిటీ గ్రాఫు పైపైకి పోతుంటే, తయారైంది వాడేవాళ్లకు అందిందా, పనిచేస్తోందా అని అడిగే అవసరమే మిగల్చలేదు.

ఇంకొక్క ఘనత మీ ఖాతాలో పడాలని మనసారా కోరుకుంటున్నాను. రేపటి కాల్‌లో ఆ అమ్మాయి కార్డును వెనక్కి జరిపి, సర్వర్ ఎప్పుడిస్తారో అందరి ముందూ చెప్పండి. ఆ ఒక్క పనికి మిమ్మల్ని పొగడాలంటే ఇన్ని మాటలు అక్కర్లేదు.