చీటీ అడిగేవాడేడీ?

మా వీధిలో ఒకాయన తన బీపీ మందుల చీటీకి లామినేషన్ చేయించాడు. ఆధార్ కార్డు పక్కనే జేబులో పెట్టుకు తిరుగుతాడు. ఆ చీటీ రాసిన డాక్టరు గారు ప్రాక్టీసు మానేసి ఎన్నేళ్లయిందో ఆయనకే గుర్తులేదు. నెల తిరిగేసరికి మా విశాఖలో జగదాంబ దగ్గర ఏదో ఒక షాపులో ఆ కార్డు ఊపుతాడు, మందు పుచ్చుకుంటాడు. "మందు అదే కదండీ, మళ్లీ ఫీజెందుకు?" అని పైగా నాకు చెబుతాడు. మందు అదేనయ్యా, ఒళ్లు అదేనా? కిడ్నీలు అవేనా? అంటే నవ్వేస్తాడు.

చట్టం చూస్తే వేరేలా ఉంది. చీటీ మీదే అమ్మాల్సిన షెడ్యూల్ హెచ్ మందైతే, మళ్లీ ఇవ్వొచ్చని డాక్టరు రాస్తే తప్ప ఒక చీటీకి రెండోసారి మందు ఇవ్వకూడదు. ఇచ్చినప్పుడు షాపు పేరు, తేదీ ఆ చీటీ మీదే వేయాలి. ప్లాస్టిక్ మీద ముద్ర ఎలా పడుతుందో ఆ షాపువాళ్లే చెప్పాలి. ఇదేమీ నిన్నగాక మొన్న వచ్చిన గోల కాదు. 1940 నాటి చట్టం, 1945 నాటి నిబంధనలు. నాకంటే పెద్దవి.

మా రోజుల్లో పెద్దాసుపత్రి కేజీహెచ్‌కి సీసా మనమే పట్టుకెళ్లాలి. సీసా లేకపోతే అరకు లేదు, పొమ్మనేవారు. లైన్లో నించుని నించుని కిటికీ దాకా వస్తే లోపల కాంపౌండరు. కాగితం మడిచి, కత్తెరతో అంచుకి పళ్లు కోసి, ఆ పట్టీని సీసాకి నిలువునా అంటించేవాడు. ఒక పన్ను కిందికి దిగితే ఒక మోతాదు. అక్షరం ముక్క రాని మా అమ్మకి కూడా ఎప్పుడూ లెక్క తప్పలేదు. లోపలున్నదేమిటో మాకు తెలిసేది కాదు, ఆ మాట నిజమే. గులాబీ రంగు, ఏదో ఘాటు, మిగతాదంతా నీళ్లేనని మా అనుమానం. అడిగితే "తాగవయ్యా బాబూ" అనేవాడు. కానీ ఒక రోజు ముందే వెళ్తే మాత్రం, "మూడు రోజులకిచ్చాను కదా, అప్పుడే ఎలా అయిపోయింది?" అని నిలదీసేవాడు. లేదంటే లేదే. పోర్టులో పెద్ద ఆఫీసరు బంట్రోతునని చెప్పుకున్నా చలించేవాడు కాదు.

ఇప్పుడు? గోడ మీద అద్దాల ఫ్రేములో ఫార్మసిస్టు గారి సర్టిఫికెట్ ఉంటుంది. ఆ ఫొటోలో మనిషి మాత్రం కౌంటర్లో కనబడడు. కౌంటర్లో ఉన్న గుంటడు ఫోనులోంచి తలెత్తకుండా "ఏటి కావాలి తాతా? ఎన్ని షీట్లు?" అంటాడు. చీటీ అడగడు. ఇంకేం వాడుతున్నావని అడగడు. నేను రెండు బిళ్ళలు చాలంటే షీటు కత్తిరించి చేతిలో పెడతాడు. ఎక్స్‌పైరీ తేదీ, బ్యాచ్ నంబరు ఉన్న కొస వాళ్ల డబ్బాలోనే ఉండిపోతుంది, నాకు వచ్చేది కంపెనీ పేరులో చివరి రెండక్షరాలు. "ఆ కొస ఇటియ్యి నాయనా" అంటే, వెనక లైన్లో వాళ్లందరూ నన్ను చాదస్తపు ముసలాణ్ణి చూసినట్టు చూస్తారు. చూడనీ.

షీటు వెనక హెచ్చరిక ఉంటుంది, లేదనను. ఇంగ్లీషులో, చీమ తల కంటే చిన్న అక్షరాల్లో. పూర్ణా మార్కెట్ గోడల మీద సినిమా పోస్టర్లకి నిలువెత్తు తెలుగు అక్షరాలు దొరుకుతాయి గానీ, 'డాక్టరు చెప్పనిదే వాడితే ప్రమాదం' అన్న ఒక్క ముక్కకి చోటు దొరకదు! 2013లో షెడ్యూల్ హెచ్1 అని కొత్త జాబితా తెచ్చారు, 2014 మార్చి నుంచి అమల్లో ఉంది. పెద్ద యాంటీబయాటిక్‌లు, టీబీ మందులు, అలవాటు పడిపోయే మందులు, అన్నీ కలిపి 46. వీటిని అమ్మితే రాసిన డాక్టరు పేరు, రోగి పేరు, మందు, ఎంత ఇచ్చారో వేరే రిజిస్టర్లో ఎక్కించి మూడేళ్లు దాచాలి. 2016లో ఎర్ర గీత ఉన్న మందు చీటీ లేకుండా కొనొద్దని దేశమంతా ప్రచారం చేశారు. ఇన్ని చేసినా, జలుబుకి మూడు రోజులు యాంటీబయాటిక్ మింగి, నాలుగో రోజు ఒళ్లు తేలికపడగానే మిగతావి అలమారలో దాచే ఇళ్లు నాకెన్నో తెలుసు. జలుబు వైరస్‌ది, దాని మీద ఆ మందు పనిచేయదు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి ప్రయోగశాల నుంచి 1948లో ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ బయటికొచ్చినప్పుడు లోకమంతా దణ్ణం పెట్టింది. ఇప్పుడా జాతి మందుల్ని పిప్పరమెంట్లలా పంచుకుంటున్నాం.

మా బావమరిది స్టీల్‌ప్లాంట్‌లో చేసి రిటైరయ్యాడు. ఉక్కు కరిగించిన వాణ్ణి, నాకు బిళ్ళలేం చేస్తాయంటాడు. మొన్న జ్వరానికి డోలో వేసుకుని, ముక్కు కారుతోందని జలుబు బిళ్ళ వేసుకుని, ఒళ్లు నొప్పులని మూడోది. మూడు షీట్లూ తిప్పి భూతద్దం పెట్టి చదివాను. మూడింటిలోనూ పారాసిటమాలే. పెద్దవాళ్లకి రోజు మొత్తం మీద 4 గ్రాములు దాటకూడదు, మద్యం పుచ్చుకునే అలవాటున్న వాళ్లకి ఇంకా తక్కువ. దాటితే దెబ్బ పడేది కాలేయానికి. పేర్లు మూడు కాబట్టి మందులు మూడనుకున్నాడు పాపం.

అన్నిటికంటే కడుపు మండేది ఇంకొకటుంది. పరవాడ ఫార్మా సిటీ మన పక్కనే. భీమిలి దగ్గర చిప్పాడలో దివీస్ కర్మాగారం ఉంది. అక్కడి సరుకు తినేది ఎక్కడో అమెరికా వాడు. వాళ్ల మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ మనుషులు సముద్రాలు దాటి వచ్చి చిప్పాడలో పరీక్షల రికార్డులు తిరగేశారు. తేడాలున్నాయని 2017 మార్చిలో ఆ యూనిట్-2 సరుకు మీద ఇంపోర్ట్ అలర్ట్ పెట్టారు. కంపెనీ సర్దుకున్నాక, నవంబరులో గానీ పూర్తిగా ఎత్తలేదు. ఆ మధ్యకాలంలో ఏ షేర్ బ్రోకర్ని కదిపినా అదే కబురు. అమెరికా వాడి బిళ్ళ కోసం అంత దూరం వచ్చి కంప్యూటర్లో ఎవరు ఏం చెరిపారో కూడా చూస్తారు. మన బిళ్ళకి మన వీధి చివర చీటీ అడిగే దిక్కులేదు. మన డ్రగ్ ఇన్‌స్పెక్టర్లు అసలు రారని కాదు. 2025 మార్చిలో 'ఆపరేషన్ గరుడ' అని రాష్ట్రమంతా మందుల షాపుల మీద ఒకేసారి పడ్డారు, మత్తుకి వాడే మాత్రల కోసం. గరుడుడు వచ్చి వెళ్లిపోయాడు. మర్నాటి సంగతి ఎవరు చూడాలి?

2023 ఆగస్టు నుంచి 300 బ్రాండ్లకి క్యూఆర్ కోడ్ తప్పనిసరి చేశారు. ఫోనుతో చూస్తే అసలు మందు పేరు, కంపెనీ, బ్యాచ్, తయారైన తేదీ, ఎక్స్‌పైరీ, లైసెన్స్ నంబరు అన్నీ కనిపించాలి. నా కళ్లకి పనికొచ్చే ఏర్పాటే. మొన్న షాపులో ఫోను తీసి డబ్బా మీద కోడ్ కేసి పట్టుకున్నాను. కౌంటర్లో గుంటడు మొదటిసారి తలెత్తి చూశాడు.

"అది కాదు తాతా! డబ్బులు కట్టే కోడ్ ఇక్కడుంది."