ఆదివారం నా మూడు గిన్నెలు

నా పై గిన్నె అంచున చుక్కలు చుక్కలుగా చెక్కిన అక్షరాలున్నాయి. ఒక ఇంటిపేరు, ఒక పెళ్లి తేదీ. స్టీలు సామాన్ల కొట్టులో కరెంటు సూదితో వాటిని చెక్కుతుంటే ఒళ్లంతా గుయ్‌మంది. ఆ పెళ్లి నాయనమ్మ కొడుకుది. ఆయన ఉద్యోగం ఉన్నన్నాళ్లూ అన్నం, పప్పు, పెరుగు మోశాను. రిటైరయ్యాక అటకెక్కాను. దించింది మనవరాలు.

అది నాయనమ్మ తుంటి ఎముక విరిగిన ఏడాది. చిక్కడపల్లిలో మా ఇల్లు మూడో అంతస్తు, లిఫ్టు లేదు. అంతకుముందు ఆదివారం వచ్చిందంటే ఆమె తలస్నానం చేసి, మెల్లగా నడుచుకుంటూ సిటీ సెంట్రల్ లైబ్రరీ వైపు వెళ్లేది. పోటీ పరీక్షలకు చదువుకునే పిల్లల మధ్య బండి ముందు నిలబడి, పెనం మీంచి తీసిన దోసె తీసినట్టే తినేది. పది దాటాక తినే ఆ దోసే ఆమెకు టిఫిను, అదే మధ్యాహ్నం భోజనం. మనవరాలు దాన్ని బ్రంచ్ అంటుంది. 1895లో గై బెరింజర్ అనే ఇంగ్లండు రచయిత ఆదివారం ఆలస్యంగా లేచేవాళ్ల తరఫున ఆ మాటతో ఒక వ్యాసం రాశాడని చదివి చెప్పింది కూడా. "పేరేదైతేంది బిడ్డా, వేడిగుండాలె" అంది నాయనమ్మ.

ఆ ఒక్క మాట కోసం మేమిద్దరం నెలల తరబడి తిరిగాం. ఆ అమ్మాయి నన్ను స్కూటీ ముందు కొక్కేనికి తగిలించేది. మొదటి వారం దోసె. బండాయన నలుచదరంగా మడిచి నాలో పెట్టాడు, మూత బిగించారు. అంతే, నాలో ఏం జరుగుతోందో నాకు తెలుస్తూనే ఉంది. దోసెలోంచి లేచిన ఆవిరికి పోయే దారి లేదు. చల్లని మూతకు తగిలి చుక్కలై మళ్లీ దాని మీదే పడుతోంది. అశోక్ నగర్ మలుపు కూడా రాకముందే కరకరలాడే అంచు తడిబట్టలా వాలిపోయింది. నా స్టీలు గోడలు బిగువుగా ఉండటమే దానికి ఉరైంది. నాయనమ్మ ఏమీ అనలేదు, సగం తిని చెయ్యి కడుక్కుంది. ఆ మిగిలిన సగాన్ని నేను మర్చిపోలేను.

తర్వాతి వారం మూత కింద పల్చని నూలుగుడ్డ వేసింది మనవరాలు. ఆవిరిని గుడ్డ పీల్చుకుంది, ఇడ్లీ బతికింది. దోసె మాత్రం బతకలేదు. హిమాయత్‌నగర్ వెళ్లి, ఎమ్మెల్యే క్వార్టర్స్ వల్ల ఎమ్మెల్యే పెసరట్టు అనే పేరొచ్చిందని చెప్పుకునే ఉప్మా పెసరట్టు తెచ్చాం. ఉప్మా గడ్డకట్టింది. పూరీలు అణగిపోయాయి. మైసూరు బోండా ఇల్లు చేరేసరికి రబ్బరు బంతి, పళ్లు లేని మనిషికి అది పెట్టలేం. కొన్నిచోట్ల నేను చేతిలో ఉండగానే సలసల కాగే సాంబారును పల్చటి ప్లాస్టిక్ కవర్లో పోసి దారంతో ముడేసేవాళ్లు. నాకు బాధేసేది. వేడి వేడి పులుసును అలాంటి సంచిలో పొయ్యకూడదు. గిన్నె ఉన్నది అందుకే కదా.

సంక్రాంతి వెళ్లిన ఆదివారం మేం దారి మార్చాం. ఇందిరా పార్కు నుంచి వీఎస్‌టీ దాకా 2023లో తెరిచిన వంతెన ఉంది. అదీ నాలాగే ఉక్కుది. దాని నీడన ఆర్టీసీ క్రాస్ రోడ్స్ దాటి ముషీరాబాద్ చేరాం. ఓ ఇరానీ హోటల్లో పెద్ద డేగిసా మూత తీశారు. మసూర్ పప్పు వేసి వండిన పసుప్పచ్చని ఖిచిడీ. కింది గిన్నె నిండా అదే పెట్టారు. నడిమి గిన్నెలో ఖీమా, పై గిన్నెలో ఖట్టా. దారంతా నేను భయపడుతూనే ఉన్నాను. కానీ ఈసారి ఆవిరి శత్రువు కాలేదు. అది ఖిచిడీలోకే తిరిగి ఇంకి, మెతుకును ఇంకా మెత్తబరిచింది. బయల్దేరినప్పటికంటే ఇల్లు చేరాకే అది బాగుంది. నా బతుకులో అలా జరగడం అదే మొదలు.

నాయనమ్మ ముందు ఖట్టాలో వేలు ముంచి నాకింది. చింతపండు పులుసు, పచ్చి ఉల్లిపాయ ముక్కలు, వేయించి నూరిన నువ్వులు. ఆమె కళ్లు పెద్దవయ్యాయి.

"ఇది మన పచ్చిపులుసే గదనే! మా అమ్మ గిట్లనే నువ్వుల పొడి కలిపేది. యాడ దొరికింది?"

"ముషీరాబాద్‌ల నాయనమ్మా. పొద్దున పూట ఆళ్లు గిదే తింటరంట."

ఇంకేం మాట్లాడలేదు. ఖిచిడీ మీద ఖట్టా పోసుకుని, ఖీమా నంజుకుంటూ, కింది గిన్నె అడుగు కనబడేదాకా తింది. నా అడుగున ఆమె వేళ్లు తగిలాయి. అలా తగిలి ఎన్నాళ్లయిందో.

మరుసటి ఆదివారం మనవరాలు నన్ను కడిగి తుడిచి గుమ్మం దాకా తీసుకెళ్లింది. లోపల్నుంచి పిలుపొచ్చింది.

"వట్టి గిన్నె పంపుతరా ఎవలన్న? ఇట్ల తే."

పండక్కి చేయించిన సకినాలు డబ్బాలో ఇంకా మిగిలున్నాయి. వాటిలో చిన్న చుట్లు ఏరి, నువ్వులు రాలకుండా ఒక్కొక్కటే నా పై గిన్నెలో పేర్చింది. వండిన ఆయనకు ఇవ్వమంది. మెట్లు దిగాక, కొక్కేనికి వేలాడుతూ నేను స్కూటీతో పాటు సందు మలుపు తిరిగాను. ఈ ఆదివారాల్లో వెళ్లేటప్పుడు నాకు బరువుండటం అదే మొదటిసారి. గతుకు వచ్చినప్పుడల్లా సకినాలు లోపల గలగలమన్నాయి. ముషీరాబాద్‌లో మూత తీసినప్పుడు ఒక్కటీ మెత్తబడలేదు.