నలభై సెంటీమీటర్లు

జంషెడ్‌పూర్‌లోని కద్మాలో ఒక తెలుగింటి అమ్మాయి డిగ్రీ చదువుతూ తైక్వాండో నేర్చుకుంటోంది. తాత శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి, ఉక్కు కార్ఖానాలో వడ్రంగిగా చేసి రిటైరయ్యాడు.

అమ్మాయి కిక్కులో తీరు ఉంది, వేగం చాలదు. కొత్తగా వచ్చిన కోచ్ ముందు వార్మప్ మార్చాడు. కాళ్లు చాచి నిమిషాలకొద్దీ వంగి కూర్చోవడం మాన్పించాడు. పోటీకి ముందు అంతసేపు సాగదీస్తే కండరం చురుకు తగ్గుతుందన్నాడు. కాసేపు పరుగు, ఆపైన భుజాల మీద బరువుతో నాలుగైదు హాఫ్ స్క్వాట్లు, ఆ వెంటనే పెట్టె మీంచి గెంతులు. నేలను తాకిన పాదం తాకినట్టే లేవాలి. క్షణం ఆగినా, సాగిన కండరంలో దాగిన ఊపు వృథా. 1960లలో సోవియట్ యూనియన్‌లో యూరీ వెర్ఖోషాన్‌స్కీ గెంతే క్రీడాకారుల కోసం పట్టుకున్న కిటుకు ఇది. దానికి ప్లయోమెట్రిక్స్ అని పేరు పెట్టింది మాత్రం అమెరికా కోచ్ ఫ్రెడ్ విల్ట్, 1975లో.

గెంతులయ్యాక ఎనిమిది నిమిషాలు ఊరికే కూర్చోవాలి. అన్నిటికన్నా అదే కష్టమనేది అమ్మాయి.

"వెంటనే దిగావా, కాళ్లు బరువుగా ఉంటాయి. ఆలస్యం చేశావా, వేడి చల్లారిపోతుంది. అలసట పోయి చురుకు మిగిలేది మధ్యలో కాసేపే. అది ఒక్కొక్కరికి ఒక్కో లెక్క. నీది ఎనిమిది" అన్నాడు కోచ్. వారాల తరబడి ఆమె కిక్కులు లెక్కపెట్టి నోట్‌బుక్‌లో రాసుకున్నాకే అన్నాడు.

పెట్టె తాత చేశాడు. సాల్ చెక్క, నలభై సెంటీమీటర్ల ఎత్తు. గెంతడానికి ఇంత గట్టి చెక్కెందుకని కొడుకు అడిగాడు.

"ఎవడెక్కినా కదలకూడదురా" అన్నాడు తాత.

టోర్నమెంటు బిష్టుపూర్‌లో ఒక హాల్లో. పెట్టె నాన్న స్కూటర్ మీద వచ్చింది. హాల్లో బార్‌బెల్ లేదు. బరువుకు తమ్ముడు సరిపోయాడు. వాణ్ణి భుజాల మీద ఎక్కించుకుని స్క్వాట్లు తీసింది, పెట్టె మీంచి గెంతింది, ఎనిమిది నిమిషాలు కూర్చుంది. పొద్దున్నే రెండు బౌట్లు గెలిచింది.

ఫైనల్ నాలుగింటికి. మూడూ నలభై అయిదుకు తమ్ముడు మళ్లీ భుజాలెక్కి దిగాడు. అమ్మాయి గెంతబోతుంటే ఒక వాలంటీర్ పరుగున వచ్చి పెట్టె ఎత్తుకున్నాడు.

"చీఫ్ గెస్ట్ వచ్చేశారు. స్టేజీకి మెట్లు లేవు. ఒక్క నిమిషం."

స్టేజీ నడుమెత్తు ఉంది. చీఫ్ గెస్ట్ పెట్టె మీద కాలు పెట్టి ఎక్కాడు. పెట్టె తెచ్చుకుందామని కోచ్ వెళ్లాడు.

"మళ్లీ దిగాలి కదా సార్" అన్నాడు వాలంటీర్.

ఉపన్యాసం ముప్పై అయిదు నిమిషాలు సాగింది. ఉపన్యాసాలకు వార్మప్ అక్కర్లేదు. అందులో క్రమశిక్షణ వచ్చింది, టాటావాళ్లు ఫుట్‌బాల్ అకాడమీ పెట్టిన 1987 వచ్చింది, విలువిద్య అకాడమీ పెట్టిన 1996 వచ్చింది, సమయపాలన రెండుసార్లు వచ్చింది. పోటీదారులంతా వేదిక ముందు వరసగా నిలబడి విన్నారు. చప్పట్లు ఆగకముందే ఫైనల్‌కు పేర్లు పిలిచారు.

మొదటి రౌండు అమ్మాయిది. రెండోది పోయింది. మూడో రౌండు చివర్లో ఆమె కాలు లేచేసరికి అవతలి అమ్మాయి పక్కకు తప్పుకుంది. ఒక్క పాయింటు తేడా.

వెండి పతకం అందుకోవడానికి అమ్మాయి తన పెట్టె మీదుగానే స్టేజీ ఎక్కింది. మెడలో పతకం వేస్తూ చీఫ్ గెస్ట్ పేరు చదివాడు. ఇంటిపేరు చూసి మురిసిపోయాడు.

"మన తెలుగమ్మాయివా! ఎవరి తాలూకు?"

చెప్పింది. ఆయన ఆమె భుజం తట్టి, స్టేజీ అంచుకు వచ్చి, పెట్టె మీద కాలు మోపుతూ వెనక్కి తిరిగాడు.

"బాగానే ఆడావమ్మా. కాళ్లలోనే కాస్త ఊపు తక్కువైంది. ఇంట్లో ఓ పెట్టె చేయించుకుని రోజూ గెంతుతూ ఉండు. ఇదిగో, ఇలాంటిది."