మా ఇంటి డబ్బాకు పంచనామా

సుల్తాన్‌పూర్ ప్రజలకు, ముఖ్యంగా అడక్కుండానే సలహాలిచ్చే పెద్దలకు, ఒక బాధిత గృహస్థు మొర.

మొన్న ఆదివారం పొద్దున ఏడున్నరకు మా డెస్క్‌టాప్ కంప్యూటర్ బటన్ నొక్కితే పలకలేదు. ఫ్యాన్ తిరగలేదు, బీప్ లేదు, కనీసం ఒక మూలుగైనా లేదు. వయసు ఎనిమిదేళ్లు. ముందురోజు రాత్రి దాకా నిక్షేపంగా ఉంది. మావాడి ప్రాజెక్టు రిపోర్టు, మా ఆవిడ దాచుకున్న పెళ్లి వీడియోలు, నా ఇంటిపన్ను రసీదులు అన్నీ కడుపులో పెట్టుకుని పడుకుంది.

మాదేమీ అల్లాటప్పా ఊరు కాదు. 2017లో మెడికల్ డివైజెస్ పార్కుకు ఇక్కడే పునాదిరాయి వేశారు. గుండె రక్తనాళం పూడుకుపోతే లోపల పెట్టే స్టెంట్లు ఇప్పుడు ఆ పార్కులోనే తయారవుతున్నాయి. అలాంటి ఊళ్లో ఒక రేకు డబ్బా నాడి చూసేవాడు కరువయ్యాడు.

కరువని ఎందుకన్నాను? వైద్యులకు కొదవేం లేదు. "దుమ్ము తుడవమని ఏడాదినుంచి మొత్తుకుంటున్నా, విన్నారా?" అంది మా ఆవిడ. ఔటర్ రింగ్ రోడ్డు లారీల దుమ్మంతా మా కిటికీలోంచే వస్తుంది కాబట్టి కాదనలేకపోయాను. పటాన్‌చెరు ఫ్యాక్టరీలో బాయిలర్ దగ్గర ముప్పయ్యేళ్లు చేసి రిటైరైన పైవాటా ఆయన గోడకు చెవి ఆనించి, "ఎర్తింగ్ లేదండీ" అని తేల్చారు. మా బావమరిది ఫోన్లోనే, "బావా, ర్యామ్ తీసి రబ్బరుతో రుద్దు, లేస్తది" అన్నాడు. ర్యామ్ పాడైతే ఫ్యాన్లు తిరుగుతాయి, తెర నల్లగా ఉంటుంది, ఒక్కోసారి బీప్‌లు కూడా వినిపిస్తాయి. ఉలుకూ పలుకూ లేని కేసుకు ఆ మందు పనిచేయదు. అయినా రుద్దాను. బావమరిది మాట తీసేస్తే ఇంట్లో వచ్చే జబ్బు వేరు.

రిపేరు షాపువాడు డబ్బాను చూడకుండానే, "ఎస్ఎంపీఎస్ కొట్టేసింది సార్, బోర్డు కూడా పోయుంటది. కొత్తది తీసుకోండి" అని మరణ ధ్రువీకరణ ఇచ్చేశాడు. ఎస్ఎంపీఎస్ అంటే డబ్బా లోపలి భాగాలకు కరెంటు అందించే పెట్టె. మేమేమో "సీపీయూ పోయింది, సీపీయూ పోయింది" అని ఏడుస్తున్నాం. అసలు సీపీయూ అంటే లోపల అగ్గిపెట్టె పాటి కూడా ఉండని చిప్పు. డబ్బా మొత్తాన్ని ఆ పేరుతో పిలవడం మనిషిని "మెదడుగారూ" అని పిలిచినట్టే!

చివరికి పాలిటెక్నిక్ చదివే మావాడు, "నాన్నా, కొంచెం జరుగు" అన్నాడు. ముందు అదే సాకెట్‌లో ఫోన్ ఛార్జర్ పెట్టాడు, ఎక్కింది. మానిటర్ కరెంటు వైరు ఊడదీసి డబ్బాకు తగిలించాడు, మార్పు లేదు. పక్కరేకు విప్పితే మదర్‌బోర్డు మీద చిన్న పచ్చలైటు వెలుగుతోంది! ఆపేసి ఉన్నా ఎస్ఎంపీఎస్ బోర్డుకు 5 వోల్టులు ఇస్తూనే ఉంటుందట. పవర్ బటన్ మన గోడ స్విచ్ లాంటిది కాదు, కరెంటును తెంపదు, కలపదు. బోర్డు మీద రెండు పిన్నులను క్షణం పాటు కలుపుతుందంతే. ఆ సైగ అందుకుని బోర్డు ఎస్ఎంపీఎస్‌ను లేపితే 12, 5, 3.3 వోల్టులు బయల్దేరతాయి.

తర్వాత ప్లగ్గు పీకి, బోర్డుకు పోయే 24 పిన్నుల కనెక్టర్ ఊడదీసి, పచ్చ తీగకూ నల్ల తీగకూ మధ్య మా ఆవిడ చీర పిన్నీసు దూర్చాడు. మళ్లీ ప్లగ్గు పెట్టగానే ఎస్ఎంపీఎస్ ఫ్యాన్ గిర్రున తిరిగింది. షాపువాడు చంపేసిన మనిషి లేచి కూర్చున్నాడు. (చూసినవాళ్లు ఉత్సాహంతో ఎస్ఎంపీఎస్ డబ్బానే విప్పకండి. ప్లగ్గు తీశాక కూడా అందులోని కెపాసిటర్లు కరెంటు దాచుకుని ఉంటాయి, కొడతాయి.)

అన్నీ మళ్లీ తగిలించి, బోర్డు మీంచి బటన్ వైర్లు పీకి, ఆ రెండు పిన్నులకు స్క్రూడ్రైవర్ కొన తాకించాడు. లేచింది! పోయింది ఎస్ఎంపీఎస్ కాదు, బోర్డూ కాదు. ముందున్న బటన్. లోపలి స్ప్రింగు చచ్చి గుంటలో కూరుకుపోయింది.

ఎలా కూరుకుపోయింది అన్నది ఈ పంచనామాకు అనవసరమని నేను వాదించాను. అది రాయకపోతే సాక్షి సంతకం పెట్టనని మా ఆవిడ మొరాయించింది. సరే, రాస్తున్నాను. డబ్బా బల్లకింద ఉంటుంది. నాకు నడుం వంగదు. ఎనిమిదేళ్లుగా దాన్ని కాలి బొటనవేలితో నొక్కుతున్నాను.

మావాడు రీసెట్ బటన్ వైర్లు తీసి పవర్ పిన్నులకు తగిలించాడు. ఇప్పుడు మా కంప్యూటర్ రీసెట్ నొక్కితే లేస్తోంది. ఆ బటన్ మరీ చిన్నది, చేతి వేలి కొసతోనే నొక్కాలి.