ఆర్గానిక్ కెమిస్ట్రీ అడ్డురాని వైద్యులు

తెలుగునాట ఇంటర్మీడియట్‌లో చేరబోయే పిల్లవాడు చరిత్ర, అర్థశాస్త్రం, పౌరశాస్త్రం కలిసిన హెచ్‌ఈసీ గ్రూపు ఎంచుకుంటే, అతడి మెడలో స్టెతస్కోపు పడే యోగం ఆ దరఖాస్తు మీది సంతకంతోనే దాదాపుగా తీరిపోతుంది కనుక, ఆ గ్రూపు పేరును బంధువుల ముందు కాస్త గొంతు తగ్గించి చెప్పడం తల్లిదండ్రుల ఆచారం. అమెరికాలో వైద్యవిద్య డిగ్రీ తర్వాతగాని మొదలవదు కాబట్టి, అక్కడ షేక్‌స్పియర్‌ను చదువుకున్నవాడికి కూడా ఆలస్యంగా డాక్టరు కావాలని బుద్ధి పుట్టవచ్చు. అలాంటివారికి పెన్సిల్వేనియాలోని బ్రిన్ మార్ వంటి కళాశాలలు రసాయన, భౌతిక, జీవశాస్త్రాలను సుమారు ఏడాదిలో నూరిపోస్తాయి.

ప్రతి ప్రశ్నకూ ‘ఒక దృష్టితో చూస్తే’ అని మొదలుపెట్టి, ఇరవై పేజీల తర్వాత ‘మరొక దృష్టితో చూస్తే’ అని ముగించడంలో ఆరితేరిన ఈ విద్యార్థి ముందు నాలుగు జవాబులు పెట్టి ఒకదాన్నే గుర్తించమంటే, అతడు నాలుగింటిలోనూ ఎంతో కొంత సత్యాన్ని దర్శించి, ఆ దర్శనంలోనే సమయమూ మార్కులూ పోగొట్టుకుంటాడు. అన్నిటినీ మించిన గండం ఆర్గానిక్ కెమిస్ట్రీ, అనగా కర్బన సమ్మేళనాల నిర్మాణాన్నీ చర్యలనూ వివరించే శాస్త్రం. రోగి మంచం పక్కన దానితో పని పడేది అరుదే అయినా, అభ్యర్థుల సంఖ్యను తగ్గించడంలో దానికి సాటి లేదు.

న్యూయార్క్‌లోని మౌంట్ సైనాయ్ వైద్యకళాశాల 1987లో మొదలుపెట్టిన పథకం కింద, డిగ్రీ రెండో ఏట ఉన్న మానవీయశాస్త్రాల విద్యార్థులకు ముందుగానే సీటు ఖాయం చేసి, ఈ గండాన్ని ఒక వేసవి తరగతితో సరిపెట్టి, ఎమ్‌క్యాట్ అనే ప్రవేశపరీక్షను మాఫీ చేసింది. 2010లో వెలువడిన అధ్యయనంలో, లైసెన్సు పరీక్ష తొలి మెట్టున వీరికి మార్కులు కొద్దిగా తగ్గినా, మొత్తంమీద తక్కినవారితో సమానంగానే నెగ్గుకొచ్చారని తేలింది. మనోవైద్యం వైపు మొగ్గినవారు వీరిలో ఎక్కువ కావడాన్ని బట్టి, కోసి చూడడం కంటే అడిగి తెలుసుకోవడమే వీరికి రుచించిందనుకోవాలి. ఈ ఫలితానికి నిజంగా నొచ్చుకోవలసినవారు ఆ రసాయనశాస్త్రాన్ని సాంతం మింగిన పాత డాక్టర్లు: ఆరళ్లు పడి అత్త అయిన ఇల్లాలికి, కొత్త కోడలు సుఖపడడం కంటే అన్యాయం ఏముంటుంది? 2015లో ఎమ్‌క్యాట్‌లోనే మనస్తత్వశాస్త్రం, సమాజశాస్త్రం చేరాక, జన్మలో సమాజం జోలికి పోని బయాలజీ విద్యార్థులు సైతం సామాజిక అసమానతకు నిర్వచనాన్ని అట్టముక్కల మీద రాసుకుని, అర్ధరాత్రి దాకా బట్టీపడుతున్నారు.